పర్వదినాన సముద్రం

రావిచెట్టును శనివారంనాడు, సముద్రాన్ని పర్వదినాలలో మాత్రమే స్పృశించాలని, తక్కిన దినాలలో దూరాన నిలిచి నమస్కరించడమే విధి అని మన పెద్దలు చెబుతారు. సేతుక్షేత్రానికి మాత్రం ఈ నియమం వర్తించదంటారు. చిన్ననాటినుండి విన్న ఈ మాటను నేను ఆచారంగా పాటించానే గాని, దీని వెనుక ఏమున్నదో విచారించలేదు. ఒకసారి తర్కబుద్ధితో ఆక్షేపించాను కూడా. పూర్ణిమకు, అమావాస్యకు సముద్రం మరింత పొంగుతుంది కదా, శాంతంగా ఉన్ననాడు వద్దని, ఉప్పొంగిననాడు స్నానం చేయమనడంలో ఔచిత్యమేమిటి? ఆ ప్రశ్నకు నాకు లభించిన సమాధానం శాస్త్రగ్రంథంలోనిది కాదు. అది 2022 మాఘపూర్ణిమనాడు సూర్యలంక తీరంలో, మా అన్నయ్య మణికట్టు పట్టుకొని నిలిచిన క్షణంలో లభించినది.

మాది పర్చూరు ప్రాంతపు నల్లరేగడి. ప్రత్తి, మిరప తప్ప మరొక ఊసు లేని నేల. 2021 చివరి మాసాలలో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరపతోటలపై నల్లతామర పురుగు విరుచుకుపడిన సంగతి ఈ ప్రాంతీయులెవరూ మరచిపోరు. ఆ కీటకం పూతలో చేరి రసం పీలుస్తుంది; పూత కాయగా మారకముందే రాలిపోతుంది. ఎన్ని మందులు చల్లినా లొంగలేదు. మా అన్నయ్య సొంతచేను కొంత, కౌలుచేను కొంత వేశాడు. జనవరిలో కల్లం ఎర్రబడవలసిన వేళకు తోట పీకించి మొక్కజొన్న విత్తాడు. పెట్టుబడికై తెచ్చిన అప్పు మాత్రం ఎవరూ పీకలేని మొక్కగా నిలిచింది.

నేను ఉద్యోగవిరమణానంతరం గీతాభాష్యం చదువుకుంటున్నవాణ్ణి. అన్నయ్యను ఓదార్చడానికి వెళ్ళి, ద్వితీయాధ్యాయంలోని స్థితప్రజ్ఞ లక్షణాలను వివరించాను. నలుదిక్కులనుండి నదీజలాలు వచ్చి చేరుతున్నా చెలింపని పరిపూర్ణ సముద్రంవలె, కోరికలు వచ్చి తనలో లయిస్తున్నా వికారం పొందనివాడే శాంతిని పొందుతాడని చెప్పాను. బాగానే చెప్పానని నాకు నేనే తృప్తిపడ్డాను. అన్నయ్య నులకమంచంమీద కూర్చుని అంతా విన్నాడు. విని, "నీ సముద్రానికి అప్పుల్లేవురా. నదులు తెచ్చి పోసేదే గాని, అది ఎవరికీ తిరిగి కట్టేది లేదు" అన్నాడు.

దీనికి ప్రత్యుత్తరం నా నాలుకపై సిద్ధంగానే ఉంది. సముద్రజలమే మేఘమై, వర్షమై, నదియై తిరిగి సముద్రాన్ని చేరుతున్నదని ఛాందోగ్యం ఆరవ అధ్యాయంలోని నదీదృష్టాంతానికి భాష్యకారులు చేసిన వ్యాఖ్య ఉన్నది. అంటే సముద్రం కూడా తిరిగి ఇచ్చేదే. కాని ఆయన ముఖం చూచి ఆ మాటను మింగివేశాను. వాదంలో గెలిచి అన్నను ఒంటరిని చేయడం ఏపాటి వేదాంతం?

నాలుగు దినాల తరువాత ఆయనే ఒక సాయంకాలం, "సముద్రం చూసి ఎన్నాళ్ళయిందిరా?" అని అడిగాడు. సామాన్యమైన మాట. కాని నా గుండె గుభిల్లుమంది. మా పల్లెలలో పంట పోయినవాడు పురుగులమందు డబ్బావైపు చూసినా, బావి గట్టున ఎక్కువసేపు కూర్చున్నా ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టడం అలవాటైపోయింది. వదినగారు నావైపు చూశారు. "ఎల్లుండి మాఘపూర్ణిమ అన్నయ్యా, సూర్యలంకకు స్నానానికి పోదాం. నేనూ వస్తాను" అన్నాను.

ఫిబ్రవరి 16, బుధవారం తెల్లవారుజామున బయలుదేరాము. మా మైదానంనుండి సముద్రానికి సాగే ప్రయాణంలో భూమి తన రంగులు మార్చుకోవడం చూడదగినది. తొలుత కాటుకవంటి రేగడి; చీరాల సమీపించేసరికి ఆ నలుపు పలచబడి ఇసుక తొంగిచూస్తుంది; బాపట్లవైపు మళ్ళాక పచ్చికబయళ్ళు, కాలువలు, కోసిన వరిపొలాల మోళ్ళు; చివరకు సరుగుడు తోపులు. దారి పొడవునా అన్నయ్య ఇతరుల చేలనే చూస్తూ వచ్చాడు. ఎవరి తోట ఉన్నది, ఎవరిది పీకించారు అని మనసులో లెక్కవేస్తున్నాడని తెలుస్తూనే ఉంది. వరిమోళ్ళు మొదలైన తరువాతనే ఆయన కనుబొమలు వదులయ్యాయి. తనకు సంబంధించని భూమిని చూడటంలో ఎంత విశ్రాంతి ఉన్నదో అప్పుడు గ్రహించాను. పూర్వులు తీర్థయాత్రకు దూరదేశం పొమ్మనడంలో ఈ రహస్యం కూడా ఉండవచ్చును.

బాపట్లలో క్షీరభావనారాయణస్వామి దర్శనం చేసుకున్నాము. భావపురి అనే నామమే కాలక్రమాన బాపట్ల అయినదని చెబుతారు. స్వామి సన్నిధిలో అన్నయ్య ఏమీ కోరుకున్నట్లు లేదు. చేతులు జోడించి, ఎవరో పరిచితుణ్ణి పలకరించినట్లు తల ఊపి వెలుపలికి వచ్చాడు. అక్కడనుండి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు.

కార్తికపూర్ణిమనాటి సమ్మర్దం లేకపోయినా తీరమంతా జనమే. పసుపు, కుంకుమ, అరటిపండ్లు, ఆకుదొన్నెలలో దీపాలు. ఒకచోట కొత్త దంపతులు, ఒకచోట బోడిగుండ్ల పసిపిల్లలు, మరొకచోట ఎవరో అస్థికలు తెచ్చినవారు. లోతుకు పోవద్దని హెచ్చరిస్తూ పోలీసులు, వారి వెంట గజ ఈతగాళ్ళు. ఈ తీరం సాధువుగా కనిపించినా అడుగున ప్రవాహపు లాగు ఉన్నది. ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. నేను అన్నయ్యకన్న ముందే నీటిలో దిగి ఆయన మణికట్టు పట్టుకున్నాను. గట్టుమీద ఒక పురోహితుడు నలభై యాభైమందికి కలిపి సంకల్పం చెప్పిస్తున్నారు. మేమూ ఆ గుంపులో కలిశాము.

సంకల్పాన్ని నేను వేలసార్లు చెప్పి ఉంటాను, వినినది మాత్రం ఆనాడే. జంబూద్వీపం, భరతవర్షం, కృష్ణాకావేరీ మధ్యదేశం, అటుపై సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. అనంతమైన సృష్టినుండి క్రమంగా దిగివచ్చి, చిట్టచివర ఫలానా గోత్రంలో పుట్టిన ఫలానా పేరుగలవాడు అని ఒక్క మనిషివద్ద ఆగుతుంది. అప్పులవాళ్ళ పుస్తకంలో తప్ప ఎక్కడా తన పేరు లేదని కుమిలిపోతున్న మనిషి, సముద్రమధ్యంలో నిలిచి, తన పేరును తన నోటితో, ఒక కల్పపు గణనలో భాగంగా ఉచ్చరిస్తున్నాడు. ఆ ఏడు ప్లవనామ సంవత్సరం. ప్లవమంటే తెప్ప. ఆ మాట వద్ద నా గొంతు పూడుకుపోయింది. అన్నయ్యకు ఆ అర్థం తెలియదు, తెలియవలసిన పనీ లేదు.

మూడు మునకలు వేశాడు. మూడవదానికి అల వచ్చి ఇద్దరినీ మోకాళ్ళమీద కూలవేసింది. ప్రక్కనున్న ముసలమ్మ ఎవరో ఆయన భుజం పట్టి లేపి, "నాయనా, అల వచ్చేటప్పుడు వీపు తిప్పాలయ్యా" అన్నది. ఆయన నవ్వాడు. నవంబరు తరువాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. నేను ఇంకా మణికట్టు వదలలేదు. "చెయ్యి వదలరా. నేనెక్కడికీ పోను" అన్నాడు. నేను ఏమి భయపడ్డానో ఆయనకు మొదటినుండి తెలుసునన్నమాట.

అప్పుడు ఆ నియమపు దయ నాకు గోచరించింది. పర్వదినాన సముద్రం వద్ద ఎవడూ ఏకాకి కాడు. దుఃఖితుడు తనకు తోచిననాడు ఒంటరిగా ఆ అపార జలరాశి ముందు నిలువరాదు. వేలమందితో కలిసి, పేరు చెప్పుకొని, ఎవరిదో చేయి పట్టుకొని దిగాలి. సముద్రం పొంగిననాడే మనుషులూ పొంగివస్తారు. ఇది నా ఊహయే గాని శాస్త్రవచనం కాదు. పండితులకు వేరొక కారణం తెలిసి ఉండవచ్చును.

ఇంగ్లాండులో పద్దెనిమిదవ శతాబ్ది మధ్యకాలంలో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు సముద్రస్నానాన్ని, సముద్రజలపానాన్ని కూడా రోగులకు ఔషధంగా విధించాడట. బ్రైటన్ అనే పల్లెకారుల ఊరు విహారనగరంగా పెరగడానికి అదొక ముఖ్యకారణం. ఔషధమైనది వినోదమైంది. మన సూర్యలంకలోనూ ఇప్పుడు రిసార్టులు వచ్చాయి, ఒంటెస్వారీలు వచ్చాయి. దానిని నేను నిందించను. ఆ ఉదయం స్నానానంతరం అన్నయ్య వేయించిన వేరుసెనగకాయలు కొనుక్కొని, ఇసుకలో కాళ్ళు చాపి, ఎగిరే గాలిపటాలను గంటసేపు చూశాడు. అది విహారమా, ఉపాసనా అని విభజించే ధైర్యం నాకు లేదు. శంకరులు షట్పదిలో తరంగం సముద్రానిదే గాని సముద్రం తరంగానిది కాదన్నారు. భేదం తొలగిన తరువాతకూడా భక్తుడు నేను నీవాడను అని చెప్పుకునే వినయం అది. ఆ దృష్టాంతం అన్నయ్యకు చెప్పాలనిపించింది. కాని ఆయన కాయలు ఒలిచి నా చేతిలో పెడుతుంటే, చెప్పకుండా తిన్నాను.

తిరుగుదారిలో వేటపాలెం దాటి మోటుపల్లికి వెళ్ళాము. ఒకప్పుడు నౌకలు నిండిన ఆ రేవు నేడు ప్రశాంతమైన గ్రామం. మార్కోపోలో ముత్ఫిలి అని వ్రాసినది దీనినే అంటారు. సాలెగూటి పోగులవలె కనిపించే ఇక్కడి సన్నని నూలువస్త్రాలను అతడు మెచ్చుకున్నాడు. అవి ఏ నేల ప్రత్తితో నేసినవో అతడు చెప్పలేదు గాని, అన్నయ్య మాత్రం "మన రేగడిదే అయ్యుంటుంది" అన్నాడు. వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుని అభయశాసనం ఉన్నది, క్రీ.శ. 1244 నాటిది. తుఫానుకు చిక్కి ఓడ పగిలి తీరానికి కొట్టుకువచ్చినవారి సరకును పూర్వరాజులు అపహరించేవారట. ప్రాణంకన్న ధనమే వారికి ప్రియమని తెలిసి, కరుణతో, తాను నియతమైన సుంకం తప్ప మరేమీ గ్రహింపనని గణపతిదేవుడు అభయమిచ్చాడు. ఆ విషయం నాకు తెలిసినంతలో అన్నయ్యకు చెప్పాను.

ఆయన ఆ రాతిని అరచేతితో తడిమాడు. అక్షరాలు ఆయనకు అందలేదు. "ఓడ పగిలినోడికి ఇంత రాతిమీద చెక్కించి ఇచ్చాడా?" అన్నాడు. కొంతసేపు ఊరుకున్నాడు. "ఈ రాయి నిలబెట్టకముందు పగిలినోళ్ళు ఏం చేశార్రా మరి?"

నా దగ్గర సమాధానం లేదు. ఇద్దరం గుడిమెట్ల మీద కూర్చున్నాము.

ఇల్లు చేరేసరికి చంద్రోదయమైంది. వదినగారు వాకిట్లోనే నిలబడి ఉన్నారు. అన్నయ్య పంపుదగ్గర కాళ్ళకు అంటిన ఇసుక కడుక్కుంటూ, రాత్రి కరెంటు ఎన్నింటికి ఇస్తారో కనుక్కొని రమ్మని నన్ను పంపాడు. మొక్కజొన్నకు రెండో తడి పెట్టవలసి ఉన్నదట.