తస్బీహ్ చదివే చేప

మా బేటీ గాజు గిన్నెలో రెండు గోల్డ్‌ఫిష్‌లు పెంచింది. మనిషి అలికిడైతే చాలు, అద్దం దగ్గరికి ఉరికొచ్చేవి. నీళ్లపైకి తేలి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే "తస్బీహ్ చదువుతున్నాయి అబ్బా!" అని దాని ఖుషీ. నేనూ నవ్వేశాను. ఒకటి చచ్చాకే తెలిసింది, అది తస్బీహ్ కాదు, దమ్ అందక. చేపలు వదిలే అమోనియానే కాసిన్ని నీళ్లలో జహర్‌లా పేరుకుంటుంది. ఇన్నేళ్ల జర్నలిస్టుని, ఒక్క సవాల్ అడగలేదు!

రెండోదాన్ని అమ్మీ ఇంటి సెహన్‌లో ఉన్న హౌజ్‌లో వదిలాం. అక్కడ నాచుంది, దోమల లార్వాలున్నాయి. మన చేతి దాణా కోసం ఎదురుచూడక్కర్లేదు. పైనుంచి నీడ పడితే మాత్రం కొంగేమోనని ఖౌఫ్.

బేటీ వంగి పిలిచింది. తుర్రుమని నాచు కిందికి పోయింది.

"ముఝే భూల్ గయీ అబ్బా" అని ఒకటే ఏడుపు.

నిన్న అమ్మీ ఫోన్ చేసింది. జానెడైందట.