నాన్న కారు, గేరు పిడి

మా నాన్నగారి కారు పాత హోండా సిటీ వీటెక్. 1.5 లీటర్ల ఇంజను, ఐదు గేర్లు, అప్పట్లో కుర్రకారు వెంటపడిన బండి. మేము బళ్ళారి నుంచి మాధవరం వచ్చాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు రాయడం ఇప్పుడిప్పుడే. తప్పులుంటే పెద్దలు సర్దుకోండి.

గేరు నాబ్‌ని తెలుగులో ఏమంటారని అడిగితే నాన్న "పిడి" అన్నారు. కన్నడంలో హిడి. పకారం హకారం అయ్యింది, అంతే.

ఆ పిడి మీద అంకెలన్నీ నాన్న అరచేతికి అరిగిపోయాయి. పైపొర బంకబంకగా అంటుకునేది. "గేర్లు పడుతున్నాయి కదరా, ఇంకేం కావాలి నీకు?" అనేవారు. నేను వినలేదు. హోండా మర 10 మిల్లీమీటర్లు, పిచ్ 1.5. వేరే కంపెనీ నాబ్ తెస్తే ఎక్కకపోవచ్చు. జీపీ రోడ్డంతా తిరిగి గుండ్రటి స్టీలుది ఒకటి తెచ్చాను. పాతదానికి గుడ్డ చుట్టి ఎడమవైపు తిప్పితే మొరాయించి మొరాయించి ఊడింది. కొత్తదాని బరువుకి లివరు తనే జారినట్టు రెండులోంచి మూడులో పడేది. సాయంత్రం జీఎన్‌టీ రోడ్డు మీద రెడ్‌హిల్స్ దాకా వెళ్ళొచ్చాం. "బాగానే ఉందిరా" అన్నారు.

అది మే నెల. మర్నాడు మధ్యాహ్నం అత్తయ్యని తీసుకురావడానికి నాన్న ఒక్కరే మాధవరం బస్ టెర్మినస్‌కి వెళ్ళారు. ఆంధ్రా బస్సు ఆలస్యం, కారు గంటసేపు ఎండలోనే ఉంది. ఇంటికొచ్చి భోంచేస్తూ ఎడం చేత్తో మజ్జిగ గ్లాసు అందుకుంటుంటే అత్తయ్య చూసింది. అరచేతిలో రూపాయి బిళ్ళంత బొబ్బ.

"ఏమయింది అన్నయ్యా?"

"ఏమోనమ్మా, నాకేం తెలియలేదు."

నాన్నకి షుగరు చాలా ఏళ్ళుగా ఉంది. పాదాలకి స్పర్శ తగ్గిందని తెలుసు, చేతుల సంగతి ఎవరికీ తెలియదు. నా ఉద్యోగమే టెస్టింగు! చల్లటి సాయంత్రం, నా చేత్తో, ఒక్కసారి చూసి పాస్ చేసేశాను.

ఆ రాత్రే ఫోను లైటు పెట్టుకుని పాత పిడి మళ్ళీ బిగించాను. "పారేయలేదు కదా, మంచి పని చేశావు" అన్నారు నాన్న. వారం తర్వాత డాక్టరుగారు సన్నటి నైలాను దారంలాంటిది వేళ్ళకి ఆనించి "తగులుతోందా?" అని అడిగారు. నాన్న కళ్ళు మూసుకుని, ఇంకా ఆనించలేదనుకుని ఎదురుచూస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు ఎండలో ఆపిన కారు ఎక్కితే పిడి, స్టీరింగు, బెల్టు బకిల్ నేనే ముందు ముట్టుకుని చూస్తాను. నాన్న విసుక్కుంటారు. స్టీలు నాబ్‌ని అమ్మ కరెంటు బిల్లులు ఎగిరిపోకుండా బరువు పెట్టుకుంది.