ప్యాకెట్‌తో సహా తినేద్దామా?

పళ్ల డాక్టరుగారు ఎప్పుడైనా మీ నోట్లో మెత్తటి ముద్ద పెట్టి, అది గట్టిపడేదాకా ఆగి, పళ్ల అచ్చు తీశారా? అయితే సముద్రపు నాచు మీ నోటిదాకా వచ్చినట్టే. ఆ ముద్దలో ఉండేది ఆల్జినేట్. కొన్ని ఐస్‌క్రీములు పలుకులు కట్టకుండా చూసేదీ ఇదే.

దీని పుట్టుక చెబుతా వినండి. స్కాట్లండ్ తీరంలో గోధుమరంగు నాచును కుప్పలు పోసి కాల్చి, బూడిదలోంచి అయోడిన్ తీసేవారు. మిగతాదాన్లో చాలాభాగం పొగైపోయేది. స్టాన్‌ఫర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ నాచును కాల్చకుండా వాషింగ్ సోడా నీళ్లలో నానేసి చూశాడు. జిగురు దిగింది. 1881లో పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ్టికీ పద్ధతి మూలం అదే.

నాచులో ఆల్జినేట్ కాల్షియంని పట్టుకుని ఉంటుంది కనుక నీళ్లలో కరగదు. ముందు పల్చటి ఆమ్లంలో నానబెట్టి ఆ పట్టు విడిపిస్తారు. తర్వాత వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లలో వేస్తే, సోడియం ఆల్జినేట్‌గా మారి కరిగి వచ్చేస్తుంది. అసలు కష్టం వడకట్టడంలో ఉంది. ఆ బంకలో బోలెడు నీళ్లు పోస్తేగాని పిప్పి విడిపోదు. వడకట్టాక మళ్లీ ఆమ్లమో కాల్షియమో వేసి విరగ్గొట్టి, శుద్ధిచేసి, తిరిగి సోడియం ఆల్జినేట్‌గా మార్చి, ఎండబెట్టి పొడి చేస్తారు.

ఆ పొడిని నీళ్లలో కలిపి, పెళుసెక్కకుండా కాస్త గ్లిజరిన్ చేర్చి, పళ్లెంలో పల్చగా పోసి ఆరనిస్తే పొర. దానిమీద కాల్షియం క్లోరైడ్ నీళ్లు చల్లితే, ఆల్జినేట్ గొలుసుల మధ్య కాల్షియం గుడ్ల అట్టలో గుడ్లలా ఒదిగి కూర్చుంటుంది. అంతవరకూ నీళ్లలో కరిగే పొర ఇక కరగదు. డాక్టరుగారి ముద్ద గట్టిపడిందీ ఈ కాల్షియం వల్లే.

2019 లండన్ మారథాన్‌లో ఇలాంటి నాచుపొర బుడగల్లో పానీయం నింపి, 30,000కు పైగా పంచారు. కొరికి తాగడమే. పొర మింగినా పర్లేదు, పారేసినా కొన్ని వారాల్లో మట్టిలో కలిసిపోతుంది.

అలాగని ప్లాస్టిక్ అంతా పోతుందని నేననను. ఈ పొర నూనెనీ ఆక్సిజన్‌నీ బాగానే ఆపుతుంది, నీటి ఆవిరిని ఆపలేదు. మన వానాకాలపు తేమలో అప్పడాలకు ఇది కాపలా కాయలేదు. కానీ నూడుల్స్ ప్యాకెట్ లోపల ఉండే మసాలా పొట్లం సంగతి చూడండి. దానికి కాల్షియం చల్లకుండా వదిలేసిన పొర చాలు. మరిగే నీళ్లలో పొట్లంతో సహా వేసెయ్యొచ్చు. చించి పారేసే ఆ చిన్న ముక్కలే కదా, ఏరేవాడు లేక కాలవల్లో చేరేవి!

ఒక్క మాట మాత్రం మరవకండి. మన దేశంలో ఆల్జినేట్ ఇచ్చే సర్గాసం, టర్బినేరియా నాచులు మన్నార్ సింధుశాఖలో దొరుకుతాయి. మత్స్యకార స్త్రీలు నీట మునిగి చేత్తో కోసి తెస్తారు. అది సాగుచేసిన పంట కాదు, తనంతట పెరిగింది. చేపపిల్లలకు నీడ. గిరాకీ పెరిగి మొదలంటా పీకేస్తే సముద్రం బోడిదవుతుంది, ఆ స్త్రీల కూడూ పోతుంది. మొదలు వదిలి కొయ్యాలి, పెంచడమూ నేర్చుకోవాలి. నాచుపొర పొట్లం మీ చేతికొచ్చిన రోజున, ఇది పెంచిన నాచా, పీకిన నాచా అని తప్పకుండా అడగండి.