ఇంటి భాషలో చెప్పిన మాట

కొన్నేళ్ళ క్రితం ఒక శుక్రవారం రాత్రి ప్రొడక్షన్ రిలీజ్. డేటాబేస్ మైగ్రేషన్ నడుస్తోంది. ఇంకో నలభై నిమిషాలు పడుతుంది, కాల్ వదిలి వెళ్ళడానికి లేదు. అటువైపు కేప్‌టౌన్‌లో క్లయింట్ తరఫు ఆర్కిటెక్ట్, యాభై దాటిన మనిషి. వీకెండ్‌కి ఏంటి ప్లాన్ అని ఊరికే అడిగాను. "నేనూ, నా హస్బెండూ డార్లింగ్ వెళ్తున్నాం, షోకి" అన్నాడు.

నాకు రెండు సెకన్లు మాట రాలేదు. ఆయనకది అలవాటే అయుంటుంది, ఏమీ పట్టనట్టు చెప్పుకుంటూ పోయాడు. డార్లింగ్ ఒక ఊరి పేరు. అక్కడి పాత రైల్వే స్టేషన్‌ని పీటర్-డర్క్ ఎయిస్ అనే ఆయన 1996లో థియేటర్‌గా మార్చాడు. దాని పేరు 'ఎవీటా సె పెరాన్'. ఆఫ్రికాన్స్‌లో పెరాన్ అంటే ప్లాట్‌ఫారం. ఎవీటా అంటే ఎయిస్ చీర బదులు గౌను కట్టి వేసే పాత్ర, ఎవీటా బెజౌడెన్‌హౌట్. అదెవరో నాకు తెలుసు, వీడియోలు చూశాను అని గొప్పగా అన్నాను. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి 'ఊయిస్' అని పలికితే 'ఎయిస్' అని దిద్దాడు.

తర్వాత ఆయన అన్న మాట నాకు గుర్తుండిపోయింది. అందరూ ఎవీటా దగ్గరే మొదలుపెడతారు, అసలు ముందు ఆయన నాటకాలు రాశాడు, వాటిని నిషేధించారు అని. ఒక పేరు చెప్పాడు: 'సెల్లె ఓ స్టోరీ'. అంటే 'అదే పాత కథ'. మనం పాత చింతకాయ పచ్చడి అంటాం కదా, దాదాపు అలాంటి పేరు. 1970ల నడుమ కేప్‌టౌన్‌లోని స్పేస్ థియేటర్‌లో వేశారు. మగవాళ్ళ మధ్య ప్రేమని రంగస్థలం మీదకి తెచ్చిన తొలి ఆఫ్రికాన్స్ నాటకాల్లో ఒకటి.

నాకు ఆఫ్రికాన్స్ రాదు, కాబట్టి ఇది సమీక్ష కాదు. ఆ నాటకం ఆ రోజుల్లో, ఆ భాషలో నిలబడటం అంటే ఏమిటన్నది మాత్రం ఆ రాత్రి నుంచీ నన్ను వదల్లేదు.

ముందు ఆ రోజుల సంగతి. 1966 జనవరిలో జొహానెస్‌బర్గ్ ఫారెస్ట్ టౌన్‌లో ఒక ఇంట్లో జరుగుతున్న పార్టీ మీద పోలీసులు దాడి చేశారు. వచ్చినవాళ్ళు వందల్లో ఉన్నారు, అందరూ మగవాళ్ళు. ప్రభుత్వం ఉలిక్కిపడింది. మగవాళ్ళ మధ్య సెక్స్ అప్పటికే నేరం. అది చాలదన్నట్టు 1969లో చట్టానికి ఒక కొత్త సెక్షన్ చేర్చారు, 20ఎ. 'పార్టీ'లో ఒక మగవాడు ఇంకో మగవాడితో కామోద్రేకం కలిగించే ఏ పని చేసినా నేరమే. మరి పార్టీ అంటే? ఇద్దరికి మించి మనుషులున్న ఏ సందర్భమైనా పార్టీయే. రోజూ ఇఫ్ కండిషన్లు రాసేవాడిగా ఈ నిర్వచనం చదివి నవ్వొచ్చింది. కౌంట్ రెండు దాటితే ట్రూ. తర్వాత నవ్వు ఆగిపోయింది. నాటకం అంటేనే ఇద్దరికి మించిన చోటు కదా. స్టేజీ మీద ఇద్దరు, చీకట్లో కూర్చుని చూసే మూడోవాడు. ఆ చట్టం దేనికి భయపడిందో సరిగ్గా దాని మీదే నాటకం బతుకుతుంది.

ఇక భాష. ఆఫ్రికాన్స్‌ని ఒకప్పుడు వంటింటి భాష అని ఈసడించారు. డచ్చి పెద్దమనుషుల భాష, ఇది పనివాళ్ళది. 1925లో అధికార భాష అయ్యాక అదే పవిత్రమైపోయింది, చర్చిదీ ప్రభుత్వానిదీ అయింది. గ్రాంథికం, గ్రామ్యం గొడవ తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. కాకపోతే అక్కడ గ్రామ్యమే సింహాసనం ఎక్కి గ్రాంథికంలా ప్రవర్తించింది. ఇంగ్లీషు పుస్తకాలని ఎన్నో ఏళ్ళుగా నిషేధిస్తూనే ఉన్నా, ఒక ఆఫ్రికాన్స్ నవలని మొదటిసారి నిషేధించింది 1974లో, ఆంద్రే బ్రింక్ రాసిన 'కెన్నిస్ ఫాన్ దీ ఆంట్'ని. బయటివాడు బయటి భాషలో ఏమన్నా పర్లేదు, మనవాడు మన భాషలో అంటేనే ఇల్లు కూలుతుంది.

ఎయిస్ నాటకాల్లో మనుషులు ఆఫ్రికాన్స్, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకుంటారు. మనం ఇంట్లో మాట్లాడుకున్నట్టే. ఆయన ఇల్లే ఒక రహస్యం. తండ్రి ఆఫ్రికానర్, తల్లి బెర్లిన్ నుంచి వచ్చిన పియానో కళాకారిణి హెల్గా బాసెల్. ఆమె యూదు అని, నాజీల వల్ల దేశం వదిలిందని పిల్లలకి ఆమె చనిపోయాకే తెలిసింది. చెప్పుకోని మాటలతో ఇల్లు ఎలా నడుస్తుందో చూసినవాడు, వాటిని పదిమందిలో చెప్పే పని ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు నా సంగతి. ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్. కరెంటు పోయి హాస్టల్ టెర్రస్ మీద కూర్చున్నాం, నేనూ నా రూమ్మేటూ. వాడిది మా పక్క ఊరే, ఇద్దరం ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం. ఆ రాత్రి వాడు ఒక్క వాక్యం మాత్రం ఇంగ్లీషులో చెప్పాడు. "ఐ యామ్ గే." నేను తెలుగులో జవాబిచ్చాను. "ఏంట్రా, నువ్వు తేడానా?" అని పెద్దగా నవ్వాను. వాడూ నవ్వాడు. తర్వాతి సెమిస్టర్‌కి రూమ్ మారిపోయాడు. ఎందుకని నేను అడగలేదు.

వాడు ఇంగ్లీషు ఎందుకు వాడాడో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మా ఇద్దరి తెలుగులో ఆ సంగతికి ఉన్నది ఆ ఒక్క మాటే. సినిమా కామెడీ ట్రాక్‌లో విని నేర్చుకున్నది. ఆఫ్రికాన్స్‌లోనూ అలాంటిది ఒకటుంది, 'మొఫీ'. తర్వాతి రోజుల్లో ఆ తిట్టునే పేరుగా పెట్టి నవలా వచ్చింది, సినిమా వచ్చింది. అంతకంటే చాలా ముందే, ఆ భాషలో ఆ మనుషులు తిట్టుగా కాకుండా మనుషులుగా మాట్లాడాలని ఒకాయన అనుకున్నాడు. 'సెల్లె ఓ స్టోరీ' నాకు ముఖ్యమైంది అందుకు.

నాటకాలు నిషేధించాక ఎయిస్ ఊరుకోలేదు. 1981లో 'అడాప్ట్ ఆర్ డై' అని ఒంటరి ప్రదర్శన మొదలుపెట్టాడు. ప్రధాని బోథా 'మారండి, లేదా చావండి' అన్న మాటలోని చావుని జుట్టు రంగుగా మార్చిన పేరది. ఎవీటాని ఒక ఉత్తుత్తి నల్లజాతి 'దేశానికి' తెల్ల రాయబారిని చేశాడు. 1994లో ఎవీటా వేషంలోనే మండేలాని టీవీలో ఇంటర్వ్యూ చేశాడు. మన సినిమాల్లో చీర కట్టిన మగవాడు కనిపిస్తే ఆ చీరే జోకు, కట్టినవాడే జోకు. ఎవీటా గౌనులో జోకు గౌను కాదు. ఆవిడ ముందు వరసలో కూర్చున్న మంత్రిని చూసి నవ్విస్తుంది. నవ్వు ఎటువైపు తిరిగి ఉందన్నదే తేడా. ఆ మాట ఇక్కడ వాడక తప్పలేదు.

1998లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్నీ, 'పార్టీ' సెక్షన్నీ కొట్టేసింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2018 సెప్టెంబర్ 6న, మన సుప్రీంకోర్టు 377 మీద ఇచ్చిన తీర్పు కూడా ఆ తీర్పుని ప్రస్తావించింది. ఆ రోజు ఆఫీసులో కప్‌కేకులు పంచారు. నేను ఫోన్‌లో వాడి నంబరు తీసి ఒక మెసేజ్ టైప్ చేశాను, ఇంగ్లీషులో. చదువుకుంటే హెచ్ఆర్ మెయిల్‌లా ఉంది. చెరిపేశాను.

మైగ్రేషన్ అయిపోయిన ఆ శుక్రవారం రాత్రి మళ్ళీ రాశాను, ఈసారి తెలుగులో. "ఆ రోజు నవ్వాను, తప్పురా" అని.

పొద్దున లేచేసరికి జవాబు ఉంది. "ఏ రోజు?"

నిజంగా మర్చిపోయాడో, నా చేత చెప్పించాలనుకున్నాడో తెలియదు. ఫోన్ చేశాను. టెర్రస్, కరెంటు, వాడన్న మాట, నేనన్న మాట అన్నీ మొదటినుంచి చెప్పాను. ఆ ఒక్క పదం దగ్గర మాత్రం నోరు తిరగలేదు. "అను, పర్లేదు" అన్నాడు వాడు, అవతలినుంచి.