మూగయంత్రము

బొగ్గుగనుల నడుమ గోదావరిఖనిలో కాపురముండు నేను యంత్రములను గూర్చి వ్రాయుట మీకు వింతగా తోచవచ్చును. బాల్యమున మా తండ్రిగారికడ కావ్యములు చదువుకొంటినే కాని, యే పాఠశాలకును పోయినదానను గాను. అయినను మొన్న నొకరాత్రి జరిగిన సంగతి మీతో చెప్పుకొనవలెననిపించినది.

మావారు ఉపాధ్యాయులు. విద్యార్థుల యభ్యాసమునకై యింటి పాత కంప్యూటరులో లినక్స్‌తో నొక వర్చువల్ మెషీన్‌ను నెలకొల్పిరి. పింగళి సూరన కళాపూర్ణోదయమున కథలో కథ యున్నట్లు, ఇది యంత్రములో యంత్రము. దీనికి వేరుగా నినుము లేదు, తీగ లేదు. పెద్దయంత్రము తన మెమరీలో కొంత పంచి యిచ్చి దీనిని నడిపించును. ఆ భారము తగ్గించుటకై దీనికి బొమ్మల తెర నీయక, సీరియల్ కన్సోల్ అను మాటలదారి మాత్రమే యుంచిరి. ఆ దారిని అక్షరములు చీమలబారువలె నొకదాని వెంట నొకటి వచ్చును.

ఆనాడు వేగము పెంచుటకై డిస్కును వర్టియో పద్ధతికి మార్చి, నడిపించు ఆజ్ఞను తిరిగి వ్రాసి, మావారు పరీక్షల పనిమీద పొరుగూరు వెళ్ళిరి. రాత్రి నేను దానిని లేపగా మొదట నొక్క పంక్తి కనబడి, పిదప నంతయు చీకటి. టెలిఫోనులో మావారు, "అది పాడైనట్లున్నది. చెరిపివేయుము, వచ్చి కొత్తది చేసెదను" అనిరి. చెరిపినచో పిల్లల నెలదినముల శ్రమ పోవును. నాకు చేతులాడలేదు.

మా మామగారు సింగరేణి గనిలో హాలేజి నడిపినవారు. పైనున్నవానికి లోపలి టబ్బులు కనబడవు. లాగుటకైనను, ఆపుటకైనను క్రిందివారి గంటమోతయే యాధారము. ఆయన నా ప్రక్కకు వచ్చి, "చప్పుడు రాకుంటే మనిషి లేడనుకుంటరా బిడ్డా? గంట తీగ తెగిందేమో చూడాలె" అనిరి.

మావారి పాఠముల పుస్తకము తిరగవేసితిని. కెర్నెల్ తన మాటల నే దారిని పంపవలెనో ముందుగా చెప్పవలెననియు, అందులకు "కన్సోల్=టీటీవైఎస్0" అను పదము చేర్చవలెననియు నందున్నది. కొత్త ఆజ్ఞలో నా పదమే లేదు! కంట్రోల్, ఏ మీటలు కలిపి నొక్కి, పిదప ఎక్స్ నొక్కి యంత్రము నాపితిని. పదము చేర్చి మరల లేపితిని.

పంక్తులు వరదవలె వచ్చినవి. చివర దాని మొర: ఎస్‌డీఏ1 అను మూలస్థానము తెరువజాలనని, దాని క్రిందనే, ఉన్నది వీడీఏ యని! వర్టియో పద్ధతిలో డిస్కు పేరు మారును; ఆజ్ఞలో పాతపేరే నిలిచిపోయినది. ఒక్క యక్షరము దిద్దితిని. క్షణములలో లాగిన్ యని పిలుపు వచ్చినది. పిల్లల పని యంతయు భద్రము.

ఆ యంత్రము మొదటినుండియు తన బాధను చెప్పుచునే యున్నది. మాకు వినవచ్చు దారి లేదు, అంతియే. మా చిన్నది పదిదినములుగా ముభావముగా నుండగా నేను గద్దించుచుంటిని. ఆ రాత్రి గద్దింపు మాని, దీపము తగ్గించి, దాని ప్రక్కన కూర్చుంటిని. చాలసేపటికి తానే నోరు విప్పినది.