చెన్నపురిలో ఒక పుట్టినిల్లు

చెన్నపురికి పోవు తెలుగు స్త్రీలు తప్పక చూడదలచు స్థలములు కొన్ని కలవు. మైలాపురమున కపాలీశ్వరుని కోవెల, తిరువళ్లిక్కేణిలో పార్థసారథిస్వామి సన్నిధి, సాయంకాలమున మెరీనా తీరము, ఆపైని త్యాగరాయనగరమున పట్టుచీరల అంగళ్లు. ఈ త్యాగరాయనగరము మనకు పరాయిది కాదు. ఆ పేటకు తెలుగువారగు పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరును, అందలి ఉద్యానమునకు పానగల్లు రాజావారి పేరును పెట్టిరి. అయినను చీరల మూటలతో ఆ వీధుల తిరుగు మనవారిలో, ఆ పేటయందే మొలకెత్తిన ఒక భూతదయా కార్యమును గూర్చి విన్నవారు తక్కువ. ఆ కార్యమును, దానిని అనుసరించి నేడు ఆ నగరమున కొందరు గృహిణులు సలుపుచున్న ఒక వ్రతమును సోదరీమణులకు తెలుపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1959వ సంవత్సరమున కుండపోతగా వాన కురిసి త్యాగరాయనగర వీధులు జలమయమైనప్పుడు, కెప్టెన్ సుందరముగారను విమానచోదకులు నీటిలో మునిగిపోవుచున్న రెండు కుక్కపిల్లలను చూచి, వానిని తీసి తమ యింటికి తెచ్చుకొనిరి. వారి భార్య ఉషా సుందరముగారును విమానము నడపినవారే. 1951లో ఈ దంపతులు ఒక చిన్న విమానమును లండను నుండి బొంబాయికి 27 గంటలలో నడిపి తెచ్చిరి. ఆకాశమున అంత దూరము పోయిన ఆ యిల్లాలి ముంగిట నేలమీది మూగజీవములకు చోటు దొరకెను. ఇంటిలో మొదలైన ఆ సేవయే 1964లో బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా అను సంఘముగా నమోదయ్యెను.

ఆ కాలమున నగరపాలకులు వీధికుక్కలను పట్టించి చంపించుచుండిరి. ఎన్నింటిని చంపినను వాని సంఖ్య తగ్గలేదు. ఏలయన, ఒక వీధి ఖాళీయైనచో అచ్చటి ఎంగిలి మెతుకుల కొరకు పక్కవీధి కుక్కలు వచ్చి చేరును. మిగిలినవి మరల ఈనును. ఆడుకుక్క గర్భము మోయునది రమారమి 63 దినములే. కనుక శస్త్రచికిత్సచే సంతానము కలుగకుండ చేసి, పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేసి, పట్టిన చోటనే విడుచుట మేలని ఈ సంఘమువారు ఏండ్ల తరబడి చెప్పుచు వచ్చిరి. 1996లో నగరపాలక సంస్థ దీనికి సమ్మతించెను. 2001లో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికిని ఇట్టి నిబంధనలనే చేసెను. 2023లో వానిని మార్చి క్రొత్త నిబంధనలు తెచ్చిరి.

శస్త్రచికిత్స పొందిన పెద్దకుక్కకు తిరిగి పోవుటకు తన వీధి యున్నది. తల్లి చచ్చిన పసికూనకు ఏమున్నది? చెన్నపురికి పెద్దవానలు ఆశ్వయుజ కార్తికములలో వచ్చును. వీధికుక్కలు విరివిగా ఈనునదియు ఇంచుమించుగా అప్పుడే. ఆశ్రయశాలలకు తెచ్చెదమన్నను, అచ్చట వందలకొలది జంతువుల నడుమ పార్వో అను అంటురోగము పిల్లలను సులభముగా పట్టుకొనును. వాంతులు, రక్తవిరేచనములు కలిగి రెండుమూడు దినములలోనే ప్రాణము పోవచ్చును. ఆ రోగక్రిమి నేలలో నెలల తరబడి నిలిచియుండును. అందుచేత టీకాలు పూర్తికాని కూనకు ఆశ్రయశాలకంటె శుభ్రమైన ఒక యిల్లే క్షేమకరము. అట్లు కొన్ని వారములో, కొన్ని మాసములో ఇంట సాకి, ఆరోగ్యము కుదిరిన పిదప శాశ్వతముగా పెంచుకొనువారికి అప్పగించుటనే ఆంగ్లమున ఫాస్టరింగు అందురు. నేను వ్రతమన్నది దీనినే.

మైలాపురమున మాడవీధికి సమీపముననున్న మా మేనత్త కుమార్తె యింట పది దినములుండి దీనిని కన్నులార చూచితిని. మా వదిన సామాన్య గృహిణి. భర్త ఉద్యోగము, ఎనిమిదేండ్ల కుమారుడు, వృద్ధురాలైన అత్తగారు. ఇంతే ఆ సంసారము. నేను పోవుటకు రమారమి ఏడు వారములకు ముందు, తల్లి వాహనము క్రింద పడి చచ్చిపోగా కాలువ గట్టున అరచుచున్న మూడు కూనలను ఎవరో ఆమెకు తెచ్చియిచ్చిరట. వానికప్పుడు మూడు వారములైన నిండలేదు. పాత నూలుచీర పరచిన వెదురుబుట్టయే వానికి తల్లియొడి అయ్యెను.

వదిన చెప్పగా విన్న సంగతులు బాలింతలను, పసిబిడ్డలను ఎరిగిన మనకు సులభముగా బోధపడును. కుక్కతల్లి పాలలో క్రొవ్వును మాంసకృత్తులును ఆవుపాలలో కంటె మిక్కిలి హెచ్చు. అందుచే ఆవుపాలు వానికి చాలవు సరికదా, విరేచనములు కలిగించును. కుక్కపిల్లలకై అమ్ము పాలపొడిని గోరువెచ్చని నీట కలిపి సీసాతో పట్టవలెను. బిడ్డకువలె వెల్లకిల పట్టరాదు. బోరగిల నుంచి పట్టవలెను, లేనిచో పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. మొదటి మూడు వారములు మూత్రవిసర్జనమైనను తమంతట చేయలేవు. తల్లి నాకునట్లు తడిగుడ్డతో మెల్లగా నిమురవలెను. రాత్రి రెండుమూడుసార్లు లేవవలెను. ప్రతిదినము తూచి, తూనికను పుస్తకమున వ్రాసికొనవలెను. పెరిగిన పిమ్మట ఇంటి భోజనమే చాలును గాని ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్టు పెట్టరాదు. అవి కుక్కలకు విషతుల్యములు.

ఆ పుస్తకమును నేను తిరగవేసితిని. వచ్చిన తిథులను బట్టియో, కన్నులు పూర్తిగా విప్పిన తిథులను బట్టియో పిల్లలకు పేర్లు పెట్టుట ఆమె వాడుక. ఈ మూడింటికి తదియ, చవితి, పంచమి అని పేర్లు. పంచమి తూనిక అయిదు దినములు వరుసగా తగ్గి, ఆరవ దినము వద్ద గీత గీయబడియున్నది. వదిన ఆ పుటను నాకు చూపి, ఏమియు అనక తిప్పివేసెను. తదియ నేను రాకమునుపే అడయారులో ఒకరి యింటికి పోయెను. చవితి మాత్రమున్నది. గోధుమరంగు దేహము, తోకచివర తెల్లని కుచ్చు. అత్తగారి కుర్చీ క్రింద పరుండుట దాని అలవాటు. మడి, ఆచారము అని మొదట వారించిన ఆ పెద్దమ్మగారు పూజగది గడపకు ఒక పలక అడ్డుపెట్టించి, ఆవలిదంతయు దానికి విడిచిరి.

చవితిని తీసికొనుటకు తాంబరము నుండి భార్యాభర్తలును పదేండ్ల బాలికయు వచ్చిరి. వదిన అంతకుముందే వారి యిల్లు చూచి వచ్చెను. అయినను మరల అడిగెను: పగటివేళ ఇంట ఎవరుందురు? ఇంటి యజమాని సమ్మతించెనా? మీరు ఊరికి పోయినప్పుడు ఇది ఎచ్చట నుండును? తగిన వయసున శస్త్రచికిత్స చేయింతురా? పెండ్లి సంబంధమునకు వచ్చినవారినైనను మనము ఇంతగా తరచి యడుగము. సమాధానములు విన్న పిమ్మట టీకాల పుస్తకమును, రెండు దినములకు సరిపడు ఆహారమును, అది పరుండిన పాతచీర ముక్కను ఇచ్చెను. పరిచితమైన వాసన దగ్గరనున్నచో క్రొత్త యింట రాత్రి అంతగా బెదరదట. బాలుడు పెరటిలోనికి పోయి తలుపు వేసికొనెను. ఆ చిన్నప్రాణి బాలిక చేతులలో నుండి రెండుమారులు వెనుకకు చూచెను.

ఆ రాత్రి వదిన దాని గిన్నెను తోమి బోర్లించుచుండగా, "వదినా, ఇంత ప్రేమించి ఎట్లు పంపగలిగితివి?" అని యడిగితిని.

"దీనిని ఉంచుకొన్నచో నాకు సుఖమే. కాని నా యింట ఉన్నది ఒక్క బుట్ట. అది నిండియున్నచో రేపు కాలువ గట్టున అరచుదానిని ఎందు పెట్టుదును?" అనెను.

అత్తగారు ఆవలనుండి, "ఆడపిల్లలను కన్నవారికి ఇది క్రొత్తయా, అమ్మా?" అనిరి.

ఆ మాట నా మనస్సున నాటుకొనెను. మాలినీతీరమున పక్షులు కాచుచున్న శిశువును తెచ్చి పెంచిన కణ్వమహర్షి కథ మనమెల్లరము ఎరుగుదుము. శకుంతల ఆయన కన్నబిడ్డ కాదు. ఆయన యింట నిలుచునదియు కాదు. ఆ సంగతి ఎరిగియే పెంచెను, ఎరిగియే పంపెను. పంపునప్పుడు దుఃఖము కలుగుట పెంచినవారి లోపము కాదు, పెంపకము నిజమైనదని దానికి గుర్తు. అయితే ఒక భేదము కలదు. కూతురు పండుగకు పుట్టింటికి వచ్చును. ఈ పిల్ల రాదు. ఆ క్రొత్తవారు పంపు ఛాయాచిత్రమును ఫోనులో చూచుకొనుటయే వదినకు పండుగ. ప్రతిఫలమింత స్వల్పముగా నున్న మాతృత్వము మరియొకటి నాకు తెలియదు.

పంపలేకపోవుట వలన కలుగు కీడును చెప్పవలెను. జాలిచే ఒకదాని తరువాత ఒకటిగా నిలుపుకొన్న యింట కొంతకాలమునకు ఏ ప్రాణికిని తగిన పోషణ జరుగదు, క్రొత్తదానికి చోటును ఉండదు. చంటిబిడ్డలున్నవారును, అద్దె యింట అనుమతి లేనివారును, రాత్రి లేచుటకు ఓపిక లేనివారును ఈ పనికి పూనుకొనకుండుటే మేలు. ఏ వీధి కూనయైనను కరచినను, గీరినను వెంటనే 15 నిమిషములు సబ్బుతో ధారనీట కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రిలో టీకా వేయించుకొనవలెను. పిచ్చికుక్క వ్యాధి లక్షణములు పొడసూపిన పిమ్మట ప్రాణము నిలుచుట మిక్కిలి అరుదు.

మన నగరములందును ఇట్టి సంఘములు లేకపోలేదు. హైదరాబాదులో 1992లోను, విశాఖపట్టణమున 1996లోను జంతురక్షణ సంఘములు వెలసినవి. 2025 ఆగస్టు 22న సుప్రీముకోర్టువారు, వీధికుక్కలను పెంచుకొనగోరువారు నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసికొనవచ్చుననియు, అట్లు తీసికొన్న కుక్క మరల వీధిపాలు కాకుండ చూచు భారము వారిదే యనియు ఉత్తరువు చేసిరి. ఆ భారమును మోయగల యింటికి ఒక కూనను చేర్చువరకు, దానిని బ్రతికించి, మనుష్యులయందు నమ్మకము కలిగించి సిద్ధపరచువారు కావలెను. ఆ పనికి గొప్ప ధనమక్కరలేదు. ఒక బుట్ట, ఒక పాతచీర, కొన్ని వారముల నిద్ర చాలును. ఈసారి చెన్నపురికి పోయి త్యాగరాయనగరమున చీరలు కొను సోదరీమణులు, పెట్టెలో మూలబడిన పాత నూలుచీరలను కూడ ఒకమారు తలచుకొందురుగాక.