అమ్మీ ఫోన్‌లో అబ్బా

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక, ఖాందాన్ తస్వీర్లన్నీ ఒక చిన్న యాప్‌లో పెట్టి, ఇద్దత్‌లో ఉన్న అమ్మీ చేతికిద్దామనుకున్నా. నా ఫోన్‌లో మాషాఅల్లా బాగానే నడిచింది. అమ్మీ పాత ఫోన్‌లో మూడో తస్వీర్ దగ్గరే ఠక్కున మూసుకుపోయింది.

"మీ అబ్బా నాకిక కనబడరా, బేటా?" అంది.

ఇషా అయ్యాక లెక్క చూసుకున్నా. ఫైల్ మూడు ఎంబీలే గానీ, తెర మీదికి రావాలంటే విప్పాలి. అడ్డం 4000, నిలువు 3000 చుక్కలు, ఒక్కోదానికి 4 బైట్లు. 48 ఎంబీ! మడతపెట్టిన రజాయి సందూక్‌లో పడుతుంది, పరిస్తే గదంతా కావాలి. మూడు రజాయిలకే అమ్మీ ఫోన్ నిండిపోయింది.

ముందు ఇన్‌జస్ట్‌డీకోడ్‌బౌండ్స్ పెట్టి, తస్వీర్ విప్పకుండా కొలతలే అడిగా. తర్వాత ఇన్‌శాంపిల్‌సైజ్ 4. అంటే 1000కి 750, 3 ఎంబీలే. (గ్లైడ్ లాంటి లైబ్రరీ వాడితే ఇదంతా అదే చూసుకునేది. నా జిద్దు!)

ఫజర్ తర్వాత అమ్మీ జానిమాజ్ మీదే కూర్చుని ఫోన్ తీసుకుంది. అబ్బా షేర్వానీ తస్వీర్ దగ్గర ఆగి, వేళ్లతో పెద్దది చేయబోయింది. మొహం మసకేసింది.

"దగ్గరగా చూడనివ్వవా?"

అడిగిన ముక్కనే అసలు కొలతలో విప్పే బిట్‌మ్యాప్ రీజియన్ డీకోడర్ ముందు మళ్లీ కూర్చున్నా.